ఇంటర్ లేకుండా ఆగిపోయినవాళ్ళు డిగ్రీ దాకా చేరేదెలా: విశాఖ అభ్యర్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

టెన్త్ దగ్గరో ఇంటర్ మధ్యలోనో చదువు ఆగిపోయి, ఇప్పుడు డిగ్రీ చేయాలనుకుంటున్నవాళ్ళు గాజువాక నుంచి భీమిలి దాకా చాలామందే ఉన్నారు. వాళ్ళనుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలను వాళ్ళ మాటల్లోనే ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఫీజులు, గడువులు ఏటా మారతాయి కాబట్టి డబ్బు కట్టేముందు ఆ ఏడాది ప్రాస్పెక్టస్ ఒకసారి చూసుకోండి.

## దారి ఎంచుకునే ముందు

ఇంటర్ పాసవలేదు. నేరుగా డిగ్రీలో చేరే వీలుందా?

రెగ్యులర్ కాలేజీలో లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోని ఏ కాలేజీ అయినా ఇంటర్ లేదా దానికి సమానమైన పరీక్ష పాసైన మెమో అడుగుతుంది. ఫౌండేషన్ కోర్సు లాంటిది మన దేశంలో ప్రధానంగా ఒకటుంది. అది దూరవిద్య నడిపే జాతీయ విశ్వవిద్యాలయం ఇగ్నూ వాళ్ళ బ్యాచిలర్స్ ప్రిపరేటరీ ప్రోగ్రామ్. అందరూ బీపీపీ అంటారు. ఇంటర్ లేనివాళ్ళని డిగ్రీకి సిద్ధం చేయడానికే దాన్ని పెట్టారు. గణితం, సామాజిక శాస్త్రాలు, వాణిజ్యం అనే మూడింటిలో రెండు ఎంచుకోవాలి. కనీసం ఆరు నెలలు పడుతుంది, గరిష్ఠంగా రెండేళ్ళలో పూర్తి చేయాలి. ఇగ్నూ ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. చేరేముందు ఒక పని తప్పకుండా చేయండి. మీరు తర్వాత చేయాలనుకుంటున్న డిగ్రీ పేరు ప్రాస్పెక్టస్‌లో వెతికి, దాని అర్హత గడిలో బీపీపీ అన్న మాట ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ డిగ్రీకి బీపీపీ పనికిరాదు.

బీపీపీ చేస్తే ఇంటర్ పాసైనట్టేనా?

కాదు. బీపీపీ ఇంటర్‌కు సమానం కాదు. అది ఇగ్నూ తలుపు ఒక్కటే తీసే తాళం. దాంతో ఆంధ్ర విశ్వవిద్యాలయం(ఏయూ)లో సీటు రాదు, ఈఏపీసెట్ రాయలేరు, ఇంటర్ అర్హతతో పడే ఉద్యోగాలకు దరఖాస్తు చేయలేరు. అసలు చిక్కు డిగ్రీ అయ్యాక వస్తుంది. కొన్ని ఉద్యోగ నోటిఫికేషన్లలో డిగ్రీ ‘10+2+3 పద్ధతిలో’ ఉండాలని రాస్తారు. చేతిలో డిగ్రీ ఉన్నా, సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఇంటర్ మెమో చూపించలేక అక్కడే ఆగిపోవాల్సి వస్తుంది.

అయితే బీపీపీ చేయాలా, ఓపెన్ ఇంటర్ చేయాలా?

మా సలహా ఓపెన్ ఇంటరే, అంటే రోజూ కాలేజీకి వెళ్ళకుండా ఓపెన్ స్కూల్ ద్వారా రాసే ఇంటర్. బీపీపీ ఆరు నెలల్లో అయిపోతుంది నిజమే. కానీ టెన్త్ పాసై రెండేళ్ళు దాటినవాళ్ళు ఓపెన్ ఇంటర్‌ను ఒకే పరీక్ష విడతలో, సుమారు ఏడాదిలో పూర్తి చేయవచ్చు. ఆ ఆరు నెలల తేడా కోసం జీవితాంతం ఇంటర్ మెమో లేకుండా ఉండటం మంచిది కాదు. బీపీపీ ఎవరికి నప్పుతుందంటే, ఉద్యోగం కోసం కాకుండా డిగ్రీ చదవాలన్న కోరికతో వచ్చే పెద్ద వయసువాళ్ళకి. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి మాత్రం మేం దాన్ని సూచించం.

నేను టెన్త్ కూడా పాసవలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఓపెన్ టెన్త్‌తో మొదలుపెట్టండి. జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్‌లో సెకండరీకి, అంటే టెన్త్‌కు, 14 ఏళ్ళు నిండితే చాలు. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ కూడా లేకపోతే, ఆ స్థాయి చదువు చదవగలనని మీరే రాసిచ్చే స్వీయ ధ్రువపత్రం తీసుకుంటారు. పుట్టినతేదీ రుజువు మాత్రం తప్పనిసరి. ఏపీ ఓపెన్ స్కూల్‌లోనూ టెన్త్‌కు కనీస వయసు 14 ఏళ్ళే. ఎన్‌ఐఓఎస్‌లో టెన్త్ పాసవడానికీ, ఇంటర్ స్థాయి సర్టిఫికెట్ చేతికి రావడానికీ మధ్య రెండేళ్ళ ఎడం ఉండాలి. అంటే ఈ రోజు టెన్త్ నుంచి మొదలుపెడితే డిగ్రీ గుమ్మం చేరడానికి సుమారు మూడేళ్ళు. ‘ఒకే ఏడాదిలో టెన్త్, ఇంటర్ రెండూ’ అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఎన్‌ఐఓఎస్‌కీ, ఏపీ ఓపెన్ స్కూల్‌కీ తేడా ఏమిటి? ఏది చెల్లుతుంది?

రెండూ చెల్లుతాయి. ఎన్‌ఐఓఎస్ కేంద్ర విద్యాశాఖ కింద నడిచే జాతీయ సంస్థ. 1989లో మొదలైంది. ఏపీ ఓపెన్ స్కూల్, అంటే సార్వత్రిక విద్యాపీఠం, రాష్ట్ర ప్రభుత్వానిది. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదవాలనుకునేవాళ్ళకి రాష్ట్ర ఓపెన్ స్కూలే సుఖం. పుస్తకాలు తెలుగులో ఉంటాయి, స్టడీ సెంటర్ తరచు మీ మండలంలోని ప్రభుత్వ హైస్కూలో జూనియర్ కాలేజీయో అయి ఉంటుంది, మాస్టార్లు తెలిసినవాళ్ళే ఉంటారు. ఎన్‌ఐఓఎస్‌లో పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలోనూ అక్టోబర్-నవంబర్‌లోనూ జరుగుతాయి. ఉత్తీర్ణత మార్కు 33 శాతం. రాష్ట్ర ఓపెన్ స్కూల్‌లో 35. బదిలీలమీద రాష్ట్రాలు మారే నేవీ, రైల్వే కుటుంబాల పిల్లలకు ఎన్‌ఐఓఎస్ అనువు. ఊరు మారినా చదువు ఆగదు.

ఇంటర్‌లో రెండు సబ్జెక్టులే తప్పాను. మళ్ళీ మొదటినుంచీ చదవాలా?

ముందు ఇంటర్ బోర్డు సప్లిమెంటరీకి ఇంకా అవకాశం ఉందేమో మీరు చదివిన కాలేజీ ఆఫీసులో అడగండి. ఉంటే అదే దగ్గర దారి. సిలబస్ మారిపోయో, ఏళ్ళు గడిచిపోయో ఆ తలుపు మూసుకుంటే, ఓపెన్ స్కూల్‌లో చేరి పాసైన సబ్జెక్టుల మార్కులు బదిలీ చేయించుకోవచ్చు. దీన్ని క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ అంటారు, ఫారంలో టీఓసీ అని ఉంటుంది. వేరే బోర్డులో పాసైనవాటిలో ఎన్‌ఐఓఎస్ గరిష్ఠంగా రెండు సబ్జెక్టులు తీసుకుంటుంది, మిగతా మూడు రాయాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. టీఓసీ అడ్మిషన్ ఫారంలోనే అడగాలి, పాత మెమో అప్పుడే జతచేయాలి. పరీక్ష ఫీజు కట్టాక గుర్తొస్తే ఐదూ రాయాల్సివస్తుంది.

టెన్త్ తర్వాత పాలిటెక్నిక్ చేస్తే ఇంటర్ అక్కర్లేదా?

బీటెక్ మీ లక్ష్యమైతే అక్కర్లేదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేసి, డిప్లొమా వాళ్ళకు పెట్టే ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పాలీసెట్ 120 మార్కులకు ఉంటుంది. గణితం 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30, అన్నీ టెన్త్ స్థాయివే. కంచరపాలెంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, భీమిలిలో అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒకటుంది. లెక్కలంటే భయం లేనివాళ్ళకి ఇది ఇంటర్ కంటే గట్టి దారి అని మా అభిప్రాయం, ఎందుకంటే మధ్యలో ఆగినా డిప్లొమాతో పని దొరుకుతుంది.

ఐటీఐ చేశాను. దాన్ని ఇంటర్‌గా లెక్కిస్తారా?

నేరుగా లెక్కించరు. అయితే ఐటీఐ చేసినవాళ్ళు చదువు కొనసాగించడానికి 2016లో కేంద్ర నైపుణ్య శాఖ, ఎన్‌ఐఓఎస్ ఒప్పందం చేసుకున్నాయి. మీ ట్రేడ్ చదువుకు గుర్తింపు ఇచ్చి, మిగిలిన సబ్జెక్టులు మాత్రమే రాయనిస్తారు. అందులో భాషా పరీక్ష తప్పదు. దరఖాస్తుకు నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ అసలు కావాలి, ఐటీఐ ఇచ్చిన తాత్కాలిక పత్రం సరిపోదు.

నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. వయసు అడ్డమా?

కాదు. ఓపెన్ స్కూల్‌కీ, బీఏ, బీకాం లాంటి డిగ్రీలకీ పై వయసు పరిమితి లేదు.

## అడ్మిషన్ దశలో

ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

టెన్త్ మెమో, ఆధార్, ఫొటో, సంతకం స్కాన్, చిరునామా రుజువు, రిజర్వేషన్ ఉంటే కుల ధ్రువపత్రం. ఇవి అందరి దగ్గరా ఉంటాయి. అడ్మిషన్ ఆగేది కాగితం లేక కాదు, కాగితాల్లో పేర్లు కలవక. టెన్త్ మెమోలో ‘కె. లక్ష్మి’ అని ఉంటుంది, ఆధార్‌లో ‘కోన లక్ష్మి’, పెళ్ళయ్యాక మార్చిన బ్యాంకు పుస్తకంలో అత్తవారింటి పేరు. పుట్టినతేదీ కూడా అంతే. బళ్ళో వేసిన తేదీ ఒకటి, ఆధార్‌లో జనవరి ఒకటో తేదీ.

ఇలాంటప్పుడు టెన్త్ మెమోనే ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ని దానికి తగ్గట్టు మార్చండి. ఆధార్ కేంద్రంలో ఆ మెమోనే రుజువుగా చూపించవచ్చు. మెమోలోనే తప్పుంటే దారి పొడుగు. మీరు చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా, బడి రికార్డు నకలుతో, ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయానికి ప్రతిపాదన వెళ్ళాలి. అడ్మిషన్ గడువుకు కొన్ని నెలల ముందే ఈ పని మొదలుపెట్టండి. ఓపెన్ ఇంటర్ ఫారంలో పేరు తప్పుగా పడితే అది మెమోలోకి, అక్కడినుంచి డిగ్రీ పట్టాలోకి పాకుతుంది.

సబ్జెక్టులు ఎలా ఎంచుకోవాలి? తేలికైనవి తీసుకోమంటున్నారు.

తేలికైనవి కాదు, మీ డిగ్రీ అడిగేవి తీసుకోండి. ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు కావాలి, అందులో కనీసం ఒక భాష ఉండాలి. ఇంకో రెండు అదనంగా తీసుకోవచ్చు. బీఎస్సీకి వెళ్ళాలంటే ఆ సైన్సు సబ్జెక్టులు ఇంటర్‌లో చదివి ఉండాలి. బీటెక్ అయితే గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు మూడూ ఉండాలి. బీకాంకి ఏ గ్రూపైనా చాలు కానీ, అకౌంటెన్సీ తెలియకుండా వెళ్తే మొదటి సెమిస్టర్‌లోనే ఇబ్బంది పడతారు. బీఏకి చరిత్ర, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం మంచి కలయిక.

భాష విషయంలో ఇంగ్లీషు వదలకండి. తెలుగు ఒక్కటే భాషగా పాసైనవాళ్ళకి తర్వాత కొన్ని కోర్సుల్లోనూ ఉద్యోగాల్లోనూ ‘ఇంటర్‌లో ఇంగ్లీషు చదివి ఉండాలి’ అన్న షరతు తగులుతుంది. భయమైతే తెలుగు, ఇంగ్లీషు రెండూ పెట్టుకోండి.

‘పరీక్షకు రానక్కర్లేదు, రెండు నెలల్లో ఇంటర్ సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అంటున్నారు. నిజమేనా?

అది మోసం. ఇలాంటివి రెండు రకాలు. ఒకటి, గుర్తింపే లేని ‘బోర్డు’. పేరు చివర ఢిల్లీ అనో గ్వాలియర్ అనో ఉంటుంది, వెబ్‌సైట్ కూడా ఉంటుంది. రెండోది, బోర్డు అసలుదే, పరీక్ష మాత్రం మీ బదులు ఇంకెవరో రాస్తారు. మొదటిదాంట్లో డబ్బు పోతుంది. రెండోదాంట్లో కేసు మీమీదే పడుతుంది. డిగ్రీలో చేరాక కూడా యూనివర్సిటీ మీ మెమోను బోర్డుకు పంపి నిజానిజాలు తేల్చుకుంటుంది. నకిలీ అని తేలితే ఎన్నేళ్ళు చదివినా అడ్మిషన్ రద్దు.

బోర్డు అసలుదో కాదో తెలుసుకోవడానికి పాఠశాల విద్యా బోర్డుల మండలి, అంటే కోబ్సే జాబితా చూడండి. యూనివర్సిటీ అయితే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ జాబితా. యూజీసీ ప్రకటించిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో విశాఖ చిరునామా కూడా ఉందన్న సంగతి గుర్తుంచుకోండి. ఫీజు ఎప్పుడూ బోర్డు పోర్టల్‌లో మీ పేరుమీదే కట్టి, రసీదు మీ దగ్గర ఉంచుకోండి. లాగిన్ పాస్‌వర్డ్, మొబైల్ నంబరు మీవే ఉండాలి. ఏజెంటు నంబరు ఇస్తే హాల్ టికెట్ కోసం అతని చుట్టూ తిరగాలి.

## చదువు, పరీక్షలు

షిఫ్టు డ్యూటీ చేస్తూ చదవగలనా?

చదవగలరు, కానీ ఐదు సబ్జెక్టులూ ఒకే విడతలో పెట్టుకోకండి. స్టీల్ ప్లాంట్, ఫార్మా కంపెనీల్లో వారం వారం షిఫ్టు మారేవాళ్ళకి రోజుకింత అన్న టైంటేబుల్ నిలవదు. వారానికి ఇన్ని పాఠాలు అని పెట్టుకుంటే నిలుస్తుంది. ఎన్‌ఐఓఎస్ రిజిస్ట్రేషన్ ఐదేళ్ళు చెల్లుతుంది కాబట్టి మొదటి విడతలో మూడు, రెండో విడతలో రెండు రాయవచ్చు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. ఇంట్లో చోటు లేనివాళ్ళకి ద్వారకానగర్ పౌర గ్రంథాలయం మంచి ఆసరా. పోటీ పరీక్షల వాళ్ళతో నిండి ఉంటుంది, ఆ వాతావరణంలో చదువు సాగుతుంది.

అసైన్‌మెంట్లు రాయకపోతే ఏమవుతుంది?

ఎన్‌ఐఓఎస్‌లో అసైన్‌మెంట్‌ను టీఎంఏ అంటారు. దానికి 20 శాతం వెయిటేజీ ఉంటుంది. రాయకపోతే పరీక్ష రాయనివ్వకపోవడం ఏమీ ఉండదు, ఆ మార్కులు పోతాయి, అంతే. కానీ ఆ నష్టం చిన్నది కాదు. 33 దగ్గర ఊగిసలాడే విద్యార్థికి కుదురుగా రాసిన టీఎంఏ పెద్ద అండ. పుస్తకం ముందు పెట్టుకుని రాసే మార్కులు ఇంకెక్కడా దొరకవు. సొంత దస్తూరీతో రాయండి. బజారులో అమ్మే తయారు జవాబులు పదిమందివీ ఒకేలా ఉండి దిద్దేవారికి వెంటనే తెలిసిపోతాయి. ఇచ్చేముందు ప్రతి పేజీ ఫొటో తీసుకోండి. మార్కులు ఎక్కకపోతే చూపించడానికి అదే ఆధారం.

ప్రాక్టికల్స్ ఎక్కడ చేయాలి? క్లాసులకి వెళ్ళకపోయినా పరవాలేదా?

థియరీ సబ్జెక్టుల క్లాసులకు వెళ్ళకపోయినా నడుస్తుంది. ప్రాక్టికల్ ఉన్న సబ్జెక్టులకు మీకు కేటాయించిన స్టడీ సెంటర్ ల్యాబ్‌లోనే చేయాలి, రికార్డు రాయాలి. థియరీలో, ప్రాక్టికల్‌లో విడివిడిగా పాసవాలి. థియరీలో 60 వచ్చినా ప్రాక్టికల్‌కు గైర్హాజరైతే ఆ సబ్జెక్టు తప్పినట్టే. ప్రాక్టికల్స్ తరచు థియరీ పరీక్షల కంటే ముందే జరుగుతాయి, తేదీ స్టడీ సెంటర్ వాళ్ళే చెబుతారు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. థియరీ టైంటేబుల్ చూసుకుని నింపాదిగా ఉంటారు, ఈలోగా ప్రాక్టికల్స్ అయిపోతాయి. హాల్ టికెట్ రాకముందే ఒకసారి సెంటర్‌కు వెళ్ళి అడగండి. గుర్తుంచుకోవలసింది ఇంకొకటి: భూగోళశాస్త్రం, హోమ్ సైన్స్, పెయింటింగ్‌కూ ప్రాక్టికల్ ఉంటుంది.

ఒక సబ్జెక్టు పోతే ఎన్నిసార్లు రాయవచ్చు?

ఎన్‌ఐఓఎస్‌లో ఐదేళ్ళలో వరుసగా తొమ్మిది విడతల దాకా. ప్రతిసారీ పరీక్ష ఫీజు మళ్ళీ కట్టాలి. ఆగలేనివాళ్ళకి ఆన్ డిమాండ్ పరీక్ష అనే ఏర్పాటు కూడా ఉంది.

## డిగ్రీ సీటు దశలో

ఓపెన్ ఇంటర్‌తో రెగ్యులర్ డిగ్రీ కాలేజీలో సీటు ఇస్తారా?

ఇస్తారు. రాష్ట్రంలో డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్‌లో, ఓఏఎండీసీ పోర్టల్ ద్వారా జరుగుతాయి. మద్దిలపాలెం వీఎస్ కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, పాతజైలు రోడ్డు మహిళా కాలేజీ లాంటివి అందులోనే వస్తాయి. మామూలు ఇంటర్ విద్యార్థి హాల్ టికెట్ నంబరు కొడితే మార్కులు వాటంతటవే వస్తాయి. ఎన్‌ఐఓఎస్ వాళ్ళు మార్కులు చేత్తో నింపి, మెమో అప్‌లోడ్ చేసి, పరిశీలన పూర్తయిందో లేదో చూసుకోవాలి. పరిశీలన పూర్తికాకుండా వెబ్ ఆప్షన్లు పెట్టలేరు. చివరిరోజుకు వదిలేస్తే ఆ విడత చేజారుతుంది. ఫలితాలు ఆలస్యమై మొదటి విడత దాటిపోతే తర్వాతి విడతలకు, స్పాట్ అడ్మిషన్లకు సిద్ధంగా ఉండండి. ప్రభుత్వ కాలేజీల్లో బీఏ సీట్లు అప్పటికీ దొరకవచ్చు.

మైగ్రేషన్ సర్టిఫికెట్ అంటే ఏమిటి? నాకు టీసీ లేదే!

ఒక బోర్డు నుంచి వేరే బోర్డుకో యూనివర్సిటీకో మారేటప్పుడు అడిగే పత్రం అది. ఎన్‌ఐఓఎస్ మెమోతోపాటు మైగ్రేషన్ కమ్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఇస్తుంది. మీకు అదే టీసీ. కాలేజీలో అసలు ఇచ్చేముందు నకళ్ళు తీసుకోండి, ఇచ్చాక అది తిరిగి రాదు.

జేఈఈ, నీట్ రాయవచ్చా?

రాయవచ్చు. జేఈఈ మెయిన్‌కు ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీని (ఇంటర్ స్థాయి) కనీసం ఐదు సబ్జెక్టులతో పాసైతే అర్హత ఉన్నట్టే. నీట్ విషయంలో ఓపెన్ స్కూల్ వాళ్ళు పనికిరారన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు గుర్తింపు పొందిన ఓపెన్ స్కూల్ విద్యార్థులు నీట్ రాస్తున్నారు. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలతోపాటు ఇంగ్లీషు ఉండాలి.

దూరవిద్యలో డిగ్రీ చేస్తే ఉద్యోగాలకు చెల్లుతుందా?

యూజీసీ గుర్తించిన సంస్థ, గుర్తించిన కోర్సు అయితే చెల్లుతుంది. దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబర్‌లో స్పష్టం చేసింది. గుర్తింపు సంస్థకే కాదు, కోర్సుకీ మీరు చేరే ఏడాదికీ కూడా ఉండాలి. యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ మూడూ సరిచూసుకోండి. ఇప్పుడు చేరేముందు అక్కడే డెబ్ ఐడీ, అంటే ఆ బ్యూరో విద్యార్థికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి. విశాఖలో ఉన్నవాళ్ళకి ఏయూ దూరవిద్య దగ్గర. 1972 నుంచి నడుస్తున్న విభాగం. ఫీజు రీయింబర్స్‌మెంట్ మాత్రం దూరవిద్యకు రాదు. ఆ డబ్బుమీద ఆధారపడేవాళ్ళు రెగ్యులర్ కాలేజీకే వెళ్ళాలి.

## విదేశీ ఫౌండేషన్ ఇయర్

ఇంటర్ లేకుండా ఇంగ్లండ్‌లో ఫౌండేషన్ ఇయర్ చేసి డిగ్రీలోకి వెళ్ళవచ్చని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పారు. నిజమా?

అలాంటి కోర్సులున్నాయి. అక్కడి ఫౌండేషన్ ఇయర్ డిగ్రీకి ముందు ఏడాది, వాళ్ళ అర్హతల పట్టికలో మూడో స్థాయి. కొన్ని యూనివర్సిటీలు పదకొండో తరగతి పాసైనవాళ్ళని తీసుకుంటాయి, కొన్ని మంచి మార్కులతో టెన్త్ ఉన్నా చూస్తాయి. ఫౌండేషన్‌కు మాత్రమే వీసా తీసుకుంటే ఇంగ్లీషు బీ1 స్థాయి (మధ్యస్థ స్థాయి) చాలు, కానీ యూకే వీసాకు గుర్తింపున్న ఐఈఎల్‌టీఎస్ పరీక్షే రాయాలి, మామూలుది కాదు. ఫీజు, ఖర్చుల డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో తగ్గకుండా ఉండాలి. ఒక్కరోజు తగ్గినా వీసా నిరాకరిస్తారు. ‘యాక్సెస్ టు హయ్యర్ ఎడ్యుకేషన్’ అనే డిప్లొమా కూడా పేరు వినిపిస్తుంది, అది అక్కడ స్థిరపడి ఉంటున్న పెద్దవాళ్ళ కోసం పెట్టినది.

కన్సల్టెన్సీలు చెప్పని సంగతి తిరిగొచ్చాక బయటపడుతుంది. విదేశీ డిగ్రీలకు సమానత్వం ఇవ్వడంపై యూజీసీ 2025 ఏప్రిల్‌లో నిబంధనలు తెచ్చింది. ఆ కోర్సులో చేరే అర్హత, మన దేశంలో అలాంటి కోర్సుకు కావలసిన అర్హతకు సరితూగాలి అన్నది అందులో ఒక షరతు. పన్నెండేళ్ళ చదువు లేకుండా ఫౌండేషన్‌తో సంపాదించిన డిగ్రీకి ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగంలోనో పీజీలోనో చిక్కు రావచ్చు. లక్షలు పోసి వెళ్ళేముందు ఓపెన్ ఇంటర్ పూర్తి చేయండి. అప్పుడు చాలా బ్రిటిష్ యూనివర్సిటీలు మార్కులను బట్టి నేరుగా డిగ్రీ మొదటి ఏడాదిలోనే తీసుకుంటాయి, ఫౌండేషన్ ఏడాది ఫీజు మిగులుతుంది.

ఫౌండేషన్ ఇయర్‌లో తప్పితే?

డిగ్రీలోకి తీసుకోరు. చాలాచోట్ల పాసైతే సరిపోదు, యూనివర్సిటీ చెప్పిన శాతం రావాలి, కొన్ని సబ్జెక్టుల్లో ఇంకా ఎక్కువ. ఆఫర్ లెటర్‌లో ఆ శాతం ఎంత, మళ్ళీ రాసే అవకాశం ఉందా, తప్పితే ఫీజులో ఏమైనా తిరిగిస్తారా అన్న మూడింటినీ రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే డిపాజిట్ కట్టండి.